ముసలి పిల్లి ఆరోగ్యము – గమనింపవలసిన గుర్తులు

రాజపాళయమను పేరు వినగానే దేశములో అనేకులకు స్ఫురించునది మన యూరి తెల్లని వేటకుక్క. 2005వ సంవత్సరమున భారత తపాలా శాఖవారు దేశీయ జాతి కుక్కల బొమ్మలతో వెలువరించిన తపాలా బిళ్ళలలో దానికిని స్థానము లభించినది. మన పెద్దలలో పలువురు కుక్కను చూచినంతనే నడకను బట్టి, ముక్కు రంగును బట్టి దాని మంచిచెడ్డలు నిర్ణయింపగలరు. కాని అవే యిండ్లలో వంటయింటి గడపపై కూర్చుండు పిల్లిని గూర్చి మనకు తెలిసినది మిక్కిలి తక్కువ. కుక్కకు బాధ కలిగినచో మూలిగి ఇల్లంతయు లేపును. పిల్లి మూలుగదు. అందుచేత నది చిక్కిపోవుచున్నను, "వయసు మీరినది గదా" యని మన మూరకుందుము.

నేనును అట్లే యూరకుంటిని. ఈ వ్యాసము వ్రాయుటకు అదియే కారణము.

మా యింట పదునాలుగేండ్లు పెరిగిన చారల పిల్లి యొకటి యుండెడిది. దాని పేరు చిట్టి. అప్పుడు మా చిన్నమ్మాయి ఏడవ తరగతి చదువుచుండెను. విజ్ఞానశాస్త్ర పాఠములో భాగముగా ప్రతి విద్యార్థియు ఇంటిలోనో పెరటిలోనో ఉన్న యొక జీవిని ఎన్నుకొని, ప్రతిదినము గమనించి, చూచినది పుస్తకమున వ్రాయవలెనని నేనే నియమము చేసియుంటిని. అమ్మాయి చిట్టిని ఎన్నుకొన్నది. ఒకనాటి సాయంకాలము, "నాన్నా, చిట్టి ఇవాళ బకెట్టులో నాలుగుసార్లు నీళ్ళు తాగింది. ఇదివరకు ఇలా తాగేది కాదు" అని చెప్పినది. "ఎండలు కదమ్మా" యంటిని. మరికొన్నాళ్ళకు, "చిట్టి వెన్నెముక చేతికి తగులుతోంది నాన్నా" అన్నది. "ముసలిదైపోయింది, అంతే" యంటిని. రెండు మాసముల పిమ్మట చిట్టి తిండి మానివేసి బియ్యపు బస్తాల వెనుక దాగుకొన్న నాడు గాని నా కన్నులు తెరచుకొనలేదు.

పశువైద్యుడు రక్తము పరీక్షించి, మూత్రపిండముల వ్యాధి యనియు, చాల ముదిరిన దనియు చెప్పెను. "ఎన్నాళ్ళనుండి నీరు ఎక్కువగా త్రాగుచున్నది?" అని ఆయన తమిళములో నడిగినప్పుడు నేను తడబడితిని. అమ్మాయి సంచిలోనుండి పుస్తకము తీసి తేదీలతో సహా చూపినది. ప్రతివారము నేను సంతకము చేసిన పుస్తకమే అది. సంతకము చేసితిని గాని, అందున్న మాట నా చెవి కెక్కలేదు.

పిల్లి తన బాధను ఏల దాచును?

ఇంటిపిల్లికి మూలజాతి ఆఫ్రికా, పశ్చిమాసియా ప్రాంతముల అడవిపిల్లి. సుమారు పదివేల యేండ్ల క్రిందట మనుష్యులు ధాన్యము నిలువచేయ నారంభించినప్పుడు, గాదెలకడ చేరు ఎలుకల కొరకు అది మన చెంతకు వచ్చినది. సైప్రస్ ద్వీపములో సుమారు 9,500 ఏండ్లనాటి సమాధియం దొక మనుష్యుని అస్థిపంజరము ప్రక్కనే పిల్లి యస్థిపంజరమును దొరికిన సంగతిని శాస్త్రజ్ఞులు 2004లో ప్రకటించిరి. మన స్నేహ మంత ప్రాచీనము. అయినను పిల్లి తన పూర్వస్వభావమును విడువలేదు.

కుక్క గుంపులో బ్రతికిన జంతువుల సంతతి. తన కష్టమును తోటివారికి తెలుపుట దానికి మేలు. పిల్లి పూర్వికులు ఒంటరిగా వేటాడినవి. పెద్ద మృగములకు తామే ఆహారము కూడ నయినవి. అట్టి జీవి తన బలహీనతను పైకి కనబరచినచో ప్రాణమునకే మోసము. కాబట్టి మన యింటి పిల్లియు బాధ కలిగినప్పుడు అరవదు. కదలిక తగ్గించుకొని, మాటున చేరి, నిద్రించునట్లు కనబడును. ఆ నిద్రను చూచి మనము "హాయిగా పడుకొన్నది" అనుకొందుము.

వార్ధక్యము వేరు, రోగము వేరు

పిల్లి పదియేండ్లు దాటిన పిమ్మట వృద్ధదశలో ప్రవేశించినట్లు పశువైద్యులు లెక్కింతురు. పదియేండ్ల పిల్లి ఇంచుమించు 56 ఏండ్ల మనుష్యునితో సమానము. పదునైదేండ్ల పిల్లి 76 ఏండ్ల వృద్ధునితో సమానము. ఈ లెక్కన నేనును పదియేండ్ల పిల్లియు ఈడుజోడువారము! ఈ వయసులో పిల్లికి గడచు ఒక్క సంవత్సరము మనకు నాలుగేండ్లవంటిది. ఏడాది కొకసారి వైద్యునికి చూపుట యనగా, మనము నాలుగేండ్ల కొకసారి వైద్యుని దర్శించుటవంటిది. కాబట్టి పదియేండ్లు దాటిన పిల్లిని ఆరు నెలల కొకసారి చూపుట మేలని నిపుణుల యభిప్రాయము.

వయసుతోపాటు చురుకుదనము కొంత తగ్గుట సహజము. కాని ఉన్నట్టుండి చిక్కుట, దాహము పెరుగుట, నోటి దుర్వాసన, తనను తాను శుభ్రపరచుకొనకుండుట – ఇవి వార్ధక్యమునకు గుర్తులు కావు. వీనిలో ప్రతిదానికిని ఏదో యొక కారణ ముండును. వానిలో కొన్నిటికి మంచి చికిత్స కలదు. కొన్నిటికి పూర్తి నివారణ లేకున్నను, త్వరగా గుర్తించినచో జీవితకాలము పొడిగింపవచ్చును.

మొదటి గుర్తు: నీరు

ఎడారి ప్రాంతములనుండి వచ్చిన జాతి యగుటచేత పిల్లి మూత్రపిండములు నీటిని మిక్కిలి పొదుపుగా వాడుకొనును. ఆరోగ్యముగానున్న పిల్లి నీరు త్రాగుట మనము చూచుట అరుదు. చేపలు, మాంసము తిను పిల్లికి ఆహారములోనే కావలసిన నీరు చాలవరకు లభించును. అట్టి జీవి బకెట్టు చుట్టును, కుళాయి క్రిందను తిరుగ నారంభించినచో నది చిన్న సంగతి కాదు.

వృద్ధమార్జాలములలో మూత్రపిండముల వ్యాధి మిక్కిలి సాధారణము. మూత్రపిండములు చెడినకొలది నీటిని నిలుపుకొను శక్తి తగ్గును. మూత్రము ఎక్కువై, దానిని పూరించుటకు దాహము పెరుగును. ఇందులో మోస మేమనగా, ఇంచుమించు మూడింట రెండు వంతుల శక్తి నశించువరకు పైకి గుర్తులు కానరావు. కాబట్టి దాహము కనబడిన నాటికే చాల నష్టము జరిగియుండును. ఇక నొక్క వారమైనను జాగు చేయరాదు. మధుమేహములోను దాహము పెరుగును. మధుమేహము గల పిల్లి కొన్నిసార్లు వెనుక కాళ్ళ మడమలను నేల కానించి నడచును.

కొలుచుట కష్టము కాదు. ఉదయము గిన్నెలో కొలిచి నీరు పోసి, మరునాడు మిగిలినది కొలిచి తీసివేయవలెను. నాలుగు కిలోల పిల్లి దినమునకు 400 మిల్లీలీటర్ల నీరు త్రాగినచో నది నిశ్చయముగా రోగలక్షణము. అంతకు తక్కువైనను, మునుపటికంటె స్పష్టముగా పెరిగినచో వైద్యునికి చెప్పవలెను.

రెండవ గుర్తు: తూకము

నాలుగు కిలోల పిల్లి 400 గ్రాములు తగ్గినచో మన కంటికి కనబడదు. బొచ్చు దానిని కప్పివేయును. కాని యది పదవ వంతు. అరువది కిలోల మనుష్యుడు ఆరు కిలోలు తగ్గినట్లు. మన యింట నెవ్వరైన నట్లు చిక్కిన ఊరకుందుమా?

పిల్లిని బుట్టలో నుంచి త్రాసుపై తూచి, బుట్ట బరువును తీసివేయవచ్చును. నెల కొకసారి చాలును.

కడుపునిండ తినుచు చిక్కిపోవు పిల్లి విషయమున మరింత జాగ్రత్త కావలెను. "బాగుగా తినుచున్నది గదా, రోగ మెక్కడిది?" అని మా యమ్మగారు చిట్టి విషయమున పలుమా రనిరి. మనవంటి వారందరి మాటయు నదే. కాని కంఠమునందలి థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేసినచో పిల్లి ఎక్కువ తినును, ఎక్కువ తిరుగును, రాత్రులు అరచును, గుండె వేగముగా కొట్టుకొనును, అయినను చిక్కిపోవును. పిల్లులలో ఈ వ్యాధి యుండునని 1979లో న్యూయార్కు వైద్యులు మొదట ప్రకటించిరి. అంతకు ముం దిట్టి పిల్లులను చూచి "ముసలితనము" అనియే అందరును సరిపెట్టుకొనియుందురు. నేడు దీనికి మాత్రలు కలవు.

మూడవ గుర్తు: నోరు

తెనాలి రామకృష్ణుని పిల్లి కథ మన పిల్లలందరికిని తెలిసినదే. రాయలవారు పిల్లులను పెంచుటకై ఇంటింటికి ఒక పాడియావు నిచ్చిరట. రామకృష్ణుడు కాగు పాలను పిల్లి ముందుంచెను. మూతి కాలిన పిల్లి మరల పాలను చూచిన పరుగెత్తసాగెను. పాలన్నియు ఆయన యింటివారే త్రాగిరి. బక్కచిక్కిన పిల్లిని చూచి రాయలవారు ఆశ్చర్యపడి దాని నోరు పరీక్షించినప్పుడు కాలిన మచ్చ బయటపడెనట.

నవ్వుకొనుటకు చెప్పు కథయే యైనను ఇందులో మంచి వైద్యసూత్ర మొకటి కలదు. తిండివైపు పోయి, వాసన చూచి, వెనుకకు మరలు పిల్లికి ఆకలి లేదని తలపరాదు. నోటిలో బాధ యున్నదేమో చూడవలెను. చిగుళ్ళు వాచుట, పంటి మూలములు కరగిపోవుట ముసలి పిల్లులలో సాధారణము. ఒక ప్రక్కనే నములుట, నమలుచు జారవిడచుట, చొంగ కారుట, నోటి దుర్వాసన దీనికి గుర్తులు. పుండు పడిన పంటిని వైద్యుడు తీసివేసిన పిమ్మట పిల్లి మరల చక్కగా తినును.

ఏ కారణముచేత నైనను పిల్లి ఒక పూర్తి దినము ఏమియు తినకున్నచో వైద్యునికి చెప్పవలెను. ఉపవాసము మనకు పుణ్యము కావచ్చును, పిల్లికి ప్రమాదము. కొలది దినములు తిండి లేకున్న, ముఖ్యముగా బలిసిన పిల్లులలో, ఒంటి క్రొవ్వు కాలేయమునకు చేరి దానిని చెడగొట్టును.

నాలుగవ గుర్తు: నడక, ముఖము, కన్ను

2002లో అమెరికాలో పండ్రెండేండ్లు దాటిన నూరు పిల్లుల ఎక్స్‌రే చిత్రములను పరీక్షించగా, వానిలో తొంబదింటికి కీళ్ళు, ఎముకల అరుగుదల గుర్తులు కనబడినవి. అయినను ముసలి పిల్లి కుంటుట మనము తరచుగా చూడము. రెండు ప్రక్కలను సమానముగా నొప్పి యున్నప్పుడు కుంటుట కవకాశము లేదు. మునుపు గోడ పై కొక్క దుముకున ఎక్కునది ఇప్పుడు మొదట అరుగును, పిమ్మట గోడను ఎక్కును; ఎక్కుటకు ముం దొక్క క్షణము తటపటాయించును. నడుము వంచలేక వీపు వెనుక భాగమును నాకుకొనదు. అచ్చట బొచ్చు ఉండలు కట్టును. గోళ్ళు అరుగక పెరిగి వంకర తిరుగును. తాను నిత్యము పోవు ఇసుక తొట్టి విడచి మూలలో మూత్రము పోయును. అది పొగరు కాదు. తొట్టి యంచు దాటలేని నొప్పి కావచ్చును, మూత్రరోగమును కావచ్చును. కొట్టరాదు.

ముఖమును చూచి బాధను గుర్తించు పద్ధతి నొకదానిని 2019లో కెనడాదేశపు మాంట్రియల్ విశ్వవిద్యాలయమువారు ప్రకటించిరి. చూడవలసినవి ఐదు: చెవులు ప్రక్కలకు వాలినవా? కన్నులు సగము మూసుకొన్నవా? మూతి బిగిసినదా? మీసములు నిటారుగ బిగిసినవా? తల భుజములకంటె క్రిందికి వంగినదా? ఇవన్నియు పదేండ్ల పిల్లవాడు సైతము చూచి చెప్పగలిగినవే.

రక్తపోటు మనుష్యులకువలె ముసలి పిల్లులకును వచ్చును. కంటిపాప వెలుతురులోను విప్పారి, పిల్లి గోడలకు తగులుచు నడచినచో రక్తపోటుచే చూపు పోవుచున్నదేమో యని శంకింపవలెను. అదే దినమున చికిత్స దొరకినచో కొన్నిసార్లు చూపు దక్కును.

తెల్లవారువరకు ఆగరాని సంగతులు

ఈ క్రింది వానిలో ఏ యొక్కటి కనబడినను వెంటనే వైద్యుని కడకు పోవలెను:

1. నోరు తెరచి ఒగర్చుచు ఊపిరి తీయుట. కుక్కకు ఇది సహజము, పిల్లికి కాదు.
2. మాటిమాటికి మూత్రమునకు కూర్చుండి బొట్టైనను పోయలేకుండుట. మగపిల్లులలో మార్గము మూసుకొనును. ఒకటి రెండు దినములలో ప్రాణము పోవును.
3. ఉన్నట్టుండి వెనుక కాళ్ళు పడిపోయి, చల్లబడి, బాధతో అరచుట. ఇది గుండెజబ్బుచే రక్తపు గడ్డ అడ్డుపడుటవలన కలుగును.
4. మూర్ఛ, అకస్మాత్తుగా చూపు పోవుట, ఎడతెగని వాంతులు.

చేయరాని పనులు

మన యింటి మాత్రలను పిల్లి కీయరాదు. జ్వరమునకు మనము వాడు పారసిటమాల్ మాత్ర ఒక్కటి చాలును, పిల్లి ప్రాణము తీయుటకు. ఆ మందును విరిచి వెలికి పంపు శక్తి పిల్లి కాలేయమునకు లేదు. రక్తము ప్రాణవాయువును మోయలేనిదగును.

కుక్కలను పెంచు మన యూరివారికి మరియొక హెచ్చరిక. కుక్కకు గోమారులు పోవుటకు పూయు మందులలో కొన్నిటియందు పెర్మెత్రిన్ అను పదార్థ ముండును. అది కుక్కకు హాని చేయదు, పిల్లికి విషము. పూసిన కుక్కను ఆనుకొని పరుండినను పిల్లికి వణకు, మూర్ఛ రావచ్చును. కుక్కమందు పిల్లికి వాడరాదు. మందు ఆరువరకు రెంటిని వేరుగా నుంచవలెను.

పిల్లలను గూర్చియు ఒక మాట. సాధువైన పిల్లి యకస్మాత్తుగా క్రూరమైనను, చొంగ కార్చుచు తూలినను పిల్లలు దాని చెంతకు పోరాదు. అది రేబిస్ కూడ కావచ్చును. ఏ పిల్లి కరచినను, గీరినను పుండును సబ్బుతో పారు నీటి క్రింద పదునైదు నిమిషములు కడిగి, అదే దినమున ఆసుపత్రికి పోవలెను. పసుపు, సున్నము పూసి ఊరకుండరాదు.

ఒక చిన్న పుస్తకము

ఇన్ని గుర్తులను మనసున నుంచుకొనుట యెట్లని యడుగుదురేమో. మనసున నుంచుకొన నక్కరలేదు, వ్రాసిన చాలును. నలుబది పుటల నోటుపుస్తకములో నాలుగు గడులు గీయుడు: తిన్నది, త్రాగినది, తూకము, క్రొత్తగా కనబడినది. ఆదివారమునాడు పిల్లి గాఢనిద్రలో నున్నప్పుడు దాని ప్రక్క ఎగసిపడుటను ఒక నిమిషము లెక్కింపుడు. ముప్పదికి లోపల నుండుట మంచిది. మాటిమాటికి అంతకు మించినచో గుండెనో ఊపిరితిత్తులనో పరీక్షింప జేయవలెను. ఈ పనిని పెద్దలకంటె పిల్లలు బాగుగా చేయుదురు. పెద్దలకు పిల్లి యొక యలవాటు. పిల్లలకు ప్రతిదినము క్రొత్తది.

వైద్యము దూరమని నిరాశపడ నక్కరలేదు. మదరాసు పశువైద్య కళాశాల 1903నాటిది. తిరునెల్వేలిలోను 2012లో పశువైద్య కళాశాల స్థాపింపబడినది. వైద్యుని కడ మనము తమిళములో మాటలాడవలెను, నిజమే. అయిన నేమి? మనము "నోరులేని జీవి" యందుము. వారు "వాయిల్లా జీవన్" అందురు. భాష రెండైనను భావ మొక్కటే. ఇంటిలో పిల్లలు తెలుగున చూచి వ్రాసినదానిని తల్లిదండ్రులు తమిళమున చెప్పిన చాలును. చెప్పుటకు ముందు వినుట మాత్రము అవసరము.

చిట్టి ఆ పిమ్మట నాలుగున్నర నెలలు బ్రతికినది. వ్యాధి కనువైన ఆహారము పెట్టితిమి. వైద్యుడు నేర్పినట్లు దినము విడచి దినము చర్మము క్రింద సెలైను ఎక్కించితిమి. నేను సూది పట్టుకొంటిని. అమ్మాయి చిట్టిని పట్టుకొన్నది. సంజీవి కొండ చెంతనే కాపురమున్నను ముదిరిన వ్యాధికి మన కడ సంజీవని లేదు. "రెండు నెలల ముందు తెచ్చియుండిన మరికొంత కాలము సుఖముగా నుండెడిది" అని వైద్యుడు మెల్లగా అనెను. ఆయన నన్ను నిందింపలేదు. అమ్మాయియు నిందింపలేదు. ఆ పుస్తకము నేటికిని నా బల్లపై నున్నది. నీటిని గూర్చి యామె వ్రాసిన వాక్యము, దాని క్రింద ఎఱ్ఱసిరాతో నా సంతకము.

తల్లిదండ్రులారా! మీ యింట ముసలి పిల్లి యున్నచో నేటి రాత్రి ఒకమారు దాని వెన్ను నిమిరి చూడుడు. నీటి గిన్నెను కొలువుడు. మీ బిడ్డ "పిల్లి ఎందుకో వేరుగా ఉంది" అని చెప్పినప్పుడు, చేతిలోని పని యొక్క నిమిషము ప్రక్కన పెట్టి, ఎప్పటినుండి యని యడుగుడు. నేను అడుగవలసియుండిన ప్రశ్న అదియే.